ఎలకలు మీట నొక్కితే ఆనందమేనా? రీజనింగ్ డౌట్

ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్తున్నా, మాక్ టెస్ట్‌లో ఇదొచ్చింది. 1954లో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు ఓల్డ్స్, మిల్నర్ ఎలకల మెదడులో తీగ పెట్టారు, మీట నొక్కితే చిన్న కరెంటు వెళ్తుంది, అవేమో నొక్కుతూనే ఉన్నాయి, కాబట్టి ఆ స్టిమ్యులేషన్ వాటికి ఆనందం ఇస్తోంది అని ముగింపు. ఈ వాదన దేన్ని ముందే నిజమనుకుంటోంది?
బి: ఆనందమిచ్చే పనిని జంతువు మళ్ళీ మళ్ళీ చేస్తుంది.
సి: జంతువు మళ్ళీ మళ్ళీ చేసే పని దానికి ఆనందమిస్తుంది.
కీలో సి అంట. రెండూ ఒకటే కదా గురూ?

రిప్లై 1: ఒకటెలా అవుద్ది, బాణం తిరగబడింది. నీ చేతిలో ఉన్నది "మళ్ళీ చేస్తోంది", చేరాల్సింది "ఆనందం", అటు తీసుకెళ్ళేది సి ఒక్కటే. బజ్జీ నచ్చినోళ్ళు మళ్ళీ ఆర్కే బీచ్‌కి వస్తారు, సరే, కానీ వచ్చినోళ్ళందరికీ బజ్జీ నచ్చినట్టా? సగం మంది గాలి కోసం వస్తారు.

రిప్లై 2: పైన చెప్పింది కరెక్ట్. అసలు సి కూడా నిలబడుతుందా అన్నది వేరే గొడవ, కెంట్ బెర్రిడ్జ్ అనే సైంటిస్ట్ కోరుకోవడం వేరు నచ్చడం వేరు అంటాడు, మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు పోయిన ఎలకలు తిండి జోలికే వెళ్ళవు కానీ నోట్లో తీపి పడితే వాటి మొహంలో ఇష్టం కనిపిస్తుంది. ఎగ్జామ్‌లో మాత్రం అదంతా పెట్టుకోకు, టైమ్ పోద్ది.

అడిగినవాడు: బాణం గీసి చూశా, క్లియర్. మరి డి, "కరెంటు వల్ల నొప్పి లేదు", అది ఎందుకు కాదు?

రిప్లై 1: నొప్పి ఉన్నా ఆనందం ఉండొచ్చుగా, వాదనకి అది అక్కర్లేదు.