జిల్లా వార్తల వారు తప్పు ఒప్పుకున్నారు: మెచ్చుకోవాలా, వద్దా?

కావలి మాస్టారు:
ఒక వార్తా చానల్‌లో రోజూ సాయంత్రం వచ్చే మన రెండు జిల్లాల వార్తలను ఇక్కడ చాలామంది చూస్తారు. ఆ కార్యక్రమం వారు కొంతకాలంగా ఆదివారం నాడు చివరి ఐదు నిమిషాలను ప్రేక్షకుల ఉత్తరాలకు కేటాయించి, ఆ వారం దొర్లిన పొరపాట్లను తామే చదివి వినిపిస్తున్నారు. మొన్న చదివిన సవరణ ఇది: "మంగళవారం నాటి వార్తల్లో సోమశిల నుంచి 40 వేల టీఎంసీల నీటిని దిగువకు వదులుతున్నట్టు చెప్పాము. అవి టీఎంసీలు కావు, రోజుకు 40 వేల క్యూసెక్కులు. పొరపాటుకు చింతిస్తున్నాము." టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. పెన్నా మీది సోమశిల జలాశయం నిండుకుండలా ఉన్నా అందులో పట్టేది 78 టీఎంసీలే. అంత పెద్ద తప్పును దాచకుండా తమ నోటితోనే చెప్పుకున్నందుకు వారిని మెచ్చుకోవాలని నా అభిప్రాయం. మన పత్రికల్లో ఇన్నేళ్లుగా నేను చూసినవి ఎక్కువగా ఖండనలే. ఎవరో అధికారి ఆ వార్త నిజం కాదని రాసి పంపితే లోపలి పేజీలో అడుగున వేసేవారు తప్ప, మేమే తప్పు రాశామని చెప్పిన సందర్భాలు చాలా తక్కువ. 'ది హిందూ' 2006లో ఈ పని కోసమే పాఠకుల సంపాదకుడిని నియమించింది. ఆ అలవాటు మన జిల్లా వార్తల దాకా వచ్చినందుకు సంతోషించవద్దా?

కాలువ లస్కరు:
సవరణలోనూ తప్పు ఉంది. క్యూసెక్కు అంటేనే సెకనుకు ఒక ఘనపుటడుగు. దానికి ముందు 'రోజుకు' అని చేర్చడం అర్థం లేని మాట. 40 వేల క్యూసెక్కుల చొప్పున ఇరవై నాలుగు గంటలు వదిలితే మూడున్నర టీఎంసీలకు కొంచెం తక్కువ అవుతుంది. ఒక టీఎంసీ వెళ్లాలంటే రోజంతా 11,574 క్యూసెక్కులు పారాలి. దిద్దినవారికే కొలత తెలియకపోతే ఆ దిద్దుబాటుకు విలువేమిటి?

చిన్నబజారు:
ఒప్పుకున్నారు, చాలు. మిగతావాళ్లు అది కూడా చేయరు.

కొండపి బ్యారన్:
మాస్టారూ, మీ సంతోషాన్ని చెడగొట్టాలని కాదు కానీ, టీఎంసీలను క్యూసెక్కులుగా మార్చి చదవడానికి ఆ చానల్‌కు ఖర్చయినది ఏమీ లేదు. నాకు జరిగినది చెబుతాను, విన్న తరువాత మెచ్చుకోండి. నేను పొగాకు రైతును. కిందటి పొగాకు వేలం సీజనులో ఒక రోజు ఇదే కార్యక్రమంలో మా వేలం కేంద్రం పేరు చెప్పి, పొగాకు కిలో ఇంత పలికిందని ఒకే ఒక అంకె చదివారు, తెర కింద అదే అంకెను రాత్రంతా తిప్పారు. అది ఆ రోజు ఒకటి రెండు మేలు రకం బేళ్లకు, అంటే పొగాకు కట్టలకు మాత్రమే వచ్చిన గరిష్ఠ ధర. వేలం కేంద్రంలో రోజూ గరిష్ఠ, కనిష్ఠ, సగటు ధరలు మూడూ ప్రకటిస్తారు, బోర్డు మీద సుద్దతో రాస్తారు కూడా. మరునాడు నా బేళ్ల వరుస వచ్చింది. వ్యాపారి పాడిన ధర టీవీలో చెప్పిన దానికి ఎక్కడో కింద ఉండేసరికి, నన్ను మోసం చేస్తున్నారనుకొని రెండు బేళ్లకు ఆ ధర నాకు వద్దని చెప్పి, ఆటో బాడుగ పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. మళ్లీ నా వరుస వచ్చేసరికి ఆకు రంగు మారింది, కిలోకు ముప్పై రూపాయలు తక్కువకు ఇవ్వవలసి వచ్చింది. చానల్‌కు రెండు ఉత్తరాలు రాస్తే వచ్చిన జవాబు ఒక్క వాక్యం: "మేము చెప్పిన ధర పలికిన మాట వాస్తవమే కనుక సవరణ అవసరం లేదు." మీ ఐదు నిమిషాలలో నా బేళ్లకు చోటు లేదు.

కావలి మాస్టారు:
మీ నష్టానికి నాకు బాధగానే ఉంది. కానీ ఆ అంకె అబద్ధం కాదని మీరే అంటున్నారు. సవరణ అనేది తప్పుకు చెబుతారు, అసంపూర్తికి చెప్పరు. తప్పు ఎంత చిన్నదైనా దిద్దుకోవడమే పద్ధతి అనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 'న్యూయార్క్ టైమ్స్' 1898లో 14,499వ సంచిక తరువాత 14,500 అని వేయవలసిన చోట 15,000 అని వేసి, ఆ లెక్కనే శతాబ్దం పైగా కొనసాగించి, చివరకు 2000 జనవరి 1న ఐదు వందలు తగ్గించి, పాఠకులకు ఆ సంగతి చెప్పింది.

కొండపి బ్యారన్:
మంచిదే. సంచిక సంఖ్య చూసుకొని బేళ్లు వెనక్కి తెచ్చుకున్న రైతు ఎవరూ లేరు కదా. నేను అంటున్నదీ అదే. ఎవరికీ నొప్పి కలగని తప్పులను దిద్దడం సులువు.

పొర్లుకట్ట:
టీఎంసీల తప్పు ఎవరికీ నొప్పి కలిగించలేదని అనడం భావ్యం కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు కట్ట తెగిపోయిన రోజులను మేము మరిచిపోలేదు. మొన్న మంగళవారం ఆ '40 వేల టీఎంసీలు' విని మా అమ్మ రాత్రి పదకొండు గంటలకు బియ్యం మూటలు మేడ మీదికి ఎక్కించింది. నేను పని నుంచి ఇంటికి వచ్చేసరికి గ్యాస్ సిలిండరును మెట్ల మీద సగం దూరం ఈడ్చి, అక్కడే కూర్చొని రొప్పుతోంది. సవరణ వచ్చినది ఆదివారం, అంటే ఐదు రోజుల తరువాత. ఆదివారం దాకా ఆగే నది కాదు పెన్నా. ఆ రాత్రే తెర కింద ఒక వరుస నడిపి ఉంటే సరిపోయేది.

కాలువ లస్కరు:
అందుకే అంటున్నాను, 'రోజుకు' అన్న మాట తీసేయాలి.

పాత విలేకరి, ఒంగోలు:
నేను పనిచేసినది ఈ చానల్‌లో కాదు, కానీ పని తీరు అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే. వార్తకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే స్ట్రింగరుగా పన్నెండేళ్లు పొగాకు వేలం వార్తలు నేనే పంపాను. నేను పంపిన దానిలో మూడు ధరలూ ఉండేవి. వార్తలు దిద్దే డెస్క్‌లో నా నాలుగు వాక్యాలు రెండయ్యేవి, తెర కింద నడిచే స్క్రోలింగు రాసే కుర్రవాడి చేతిలో ఆ రెండూ ఆరు మాటలయ్యేవి. 'గరిష్ఠ' అన్న మాట ఎప్పుడూ అక్కడే రాలిపోయేది. ఇక యూట్యూబులో పెట్టే బొమ్మ మీద 'పొగాకుకు రికార్డు ధర' అని ఎర్ర అక్షరాలతో రాసేవాడు మరొకడు, వాడికి కొండపి ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. ఆదివారం సవరణ చదివినా ఆ బొమ్మ అలాగే ఉంటుంది, లేదా ఎవరికీ చెప్పకుండా వీడియోనే తీసేస్తారు. రెండవది మొదటిదాని కంటే అన్యాయం, ఎందుకంటే తప్పు జరిగిందని నిరూపించే ఆధారం కూడా మిగలదు.

సవరణల జాబితాలోకి ఏవి ఎక్కుతాయో కూడా చెబుతాను. ఊరి పేరు తప్పు, కొలత తప్పు, అధికారి హోదా తప్పు. వీటికి ప్రకటనకర్తకు కోపం రాదు, లాయరు నోటీసు రాదు.

చిన్నబజారు:
కేసు పెట్టొచ్చు కదా?

పాత విలేకరి, ఒంగోలు:
కేసు దాకా అక్కరలేదు. కేబుల్ టీవీ నియమాలను 2021 జూన్‌లో సవరించారు. వాటి ప్రకారం చానల్‌కు ఫిర్యాదు పంపితే ఇరవై నాలుగు గంటల్లో అందినట్టు చెప్పాలి, పదిహేను రోజుల్లో నిర్ణయం తెలపాలి. అది నచ్చకపోతే చానళ్లు తామే ఏర్పరచుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు, ఆ పైన కేంద్ర ప్రభుత్వ యంత్రాంగానికి వెళ్లవచ్చు. ప్రెస్ కౌన్సిల్‌కు రాయమని కొందరు సలహా ఇస్తారు, అది పత్రికలకూ వార్తా సంస్థలకూ సంబంధించినది, టీవీ దాని పరిధిలోకి రాదు. వార్తా చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ వేయగల జరిమానా 2023 నాటికి లక్ష రూపాయలే. అది ఏ మూలకని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడిగింది.

కొండపి బ్యారన్:
నియమాలు తెలిసినవారికి నియమాలు. నేను ఇంకొక మాట అడగాలి. ఆదివారం సవరణ చదువుతూ, తప్పును ఎత్తిచూపినది కావలికి చెందిన విశ్రాంత ఉపాధ్యాయులు అని పేరుతో సహా చెప్పి, చేతులు జోడించి కృతజ్ఞతలు తెలిపారు. అది మీరే కదా మాస్టారూ? ఆ సంగతి మొదటి టపాలో ఎందుకు రాయలేదు? మీ పేరు టీవీలో వినిపించిన ముచ్చటకు మమ్మల్ని కూడా చప్పట్లు కొట్టమంటున్నారా?

కావలి మాస్టారు:
అవును, నేనే. రాయకపోవడం గొప్ప కాకూడదని, దాచాలని కాదు. ముప్పై నాలుగేళ్లు పిల్లల పరీక్ష పత్రాలు దిద్దినవాడిని, తప్పు కనబడితే కింద గీత గీయకుండా ఉండలేను. చప్పట్ల కోసం రాశానని మీరు అనడం చాలా తప్పు. నా ఉత్తరం పట్ల మీకు ఇంత అసూయ ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

కొండపి బ్యారన్:
అసూయ కాదు మాస్టారూ, లెక్క. మీ ఒక్క ఉత్తరానికి ఐదు రోజుల్లో నమస్కారం వచ్చింది. నా రెండు ఉత్తరాలకు నలభై రోజుల తరువాత ఒక వాక్యం వచ్చింది. చదువుకున్నవారు చూపిస్తే పొరపాటు అంటారు, పొగాకు రైతు చూపిస్తే గొణుగుడు అంటారు. ఈ ఐదు నిమిషాల వల్ల వారికి నిజాయితీపరులన్న పేరు వచ్చింది. ఆ పేరు చూసి రేపు ఇంకొక రైతు ఆ స్క్రోలింగును ఇంకా గట్టిగా నమ్ముతాడు. నా బాధంతా అక్కడ ఉంది.

నిర్వాహకులు:
వ్యక్తుల మీదికి వెళ్లవద్దని ఇద్దరినీ కోరుతున్నాము.

కావలి మాస్టారు:
నిన్న రాత్రి కోపంలో అసూయ అన్నాను, ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నా భయం కూడా ఒకసారి వినండి. అబద్ధం కాకపోయినా అపోహ కలిగించిన ప్రతి మాటకూ సవరణ చెప్పాలని నియమం పెడితే, దానిని మొదట వాడుకునేది మీరూ నేనూ కాదు. తన సభకు జనం పలుచగా వచ్చారని చూపించినందుకు ప్రతి నాయకుడూ అపోహ కలిగిందని ఉత్తరం పంపుతాడు. అప్పుడు ఆ ఐదు నిమిషాలు వారి చేతుల్లోకి పోతాయి. తప్పుకు మాత్రమే సవరణ అన్న గీతను నేను పట్టుకొని కూర్చున్నది అందుకే.

కొండపి బ్యారన్:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నాయకుడి సభకు జనం తక్కువా ఎక్కువా అన్నది చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది. సగటు ధర అలాంటిది కాదు, అది బోర్డు మీద ఉన్న అంకె. మూడు అంకెలు ఇచ్చిన చోట ఒకటి మాత్రమే చదివి, అది ఏ అంకెయో చెప్పకపోతే, అది కూడా మీ టీఎంసీల వంటి తప్పే. మీరు అంకెను ఉంచి కొలత మార్చమన్నారు. నేనూ అదే అడిగాను, అంకెను ఉంచి దాని పక్కన 'గరిష్ఠ' అని రాయమన్నాను.

పొర్లుకట్ట:
ఈ మాట ఒప్పుకోవలసిందే మాస్టారూ.

కావలి మాస్టారు:
అలా పెడితే కాదనలేను. కొలత పేరు తప్పు చెప్పడానికీ అసలు చెప్పకపోవడానికీ తేడా ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ వినేవాడి చేతిలో రెండూ ఒకే పని చేస్తాయి. ఆ రోజు వేలం కేంద్రంలో ప్రకటించిన ధరల ఆధారం మీ దగ్గర ఏదైనా ఉందా? ఉంటే దానిని జతచేసి, పాత విలేకరి గారు చెప్పిన నియమాన్ని ఉటంకిస్తూ ఉత్తరం నేను రాసి పెడతాను.

కొండపి బ్యారన్:
బోర్డును ఆ రోజే ఫోనులో ఫొటో తీసుకున్నాను, మూడు ధరలూ తేదీతో సహా కనబడుతున్నాయి. మీరు రాసి పంపండి మాస్టారూ, భాష మీది బాగుంటుంది. కింద పేరు మాత్రం మీది వద్దు, నాది పెడతాను.

కాలువ లస్కరు:
ఆ ఉత్తరంలోనే 'రోజుకు' సంగతి కూడా ఒక వాక్యం చేర్చగలరా?