గల్ఫ్‌లో జీతం ఎగవేత: యజమాని దైవభీతికి వదిలేయాలా, చట్టంతో అరికట్టాలా?

జగిత్యాల సభ్యుడు (ప్రశ్న): "చెమట ఆరకముందే కూలివాడికి కూలి ఇవ్వండి" అన్న ప్రవక్త వచనం ఇబ్నె మాజా హదీసుల (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాల) సంకలనంలో ఉంది. మన జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవారికి నెలల తరబడి జీతాలు నిలిచిపోతున్నప్పుడు, ఈ నీతి అమలును యజమాని మనస్సాక్షికే వదిలేయడం సరైనదేనా?

హైదరాబాద్ సభ్యుడు: మనస్సాక్షే ప్రధానమని నా అభిప్రాయం. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి వ్యతిరేకంగా ప్రళయదినాన తానే వాదిగా నిలబడతానని అల్లాహ్ అన్నట్లు బుఖారీ సంకలనంలోని హదీసు చెబుతోంది. విశ్వాసికి ఇంతకు మించిన హెచ్చరిక ఏ లేబర్ కోర్టు ఇవ్వగలదు? చట్టానికి మాత్రమే భయపడేవాడు తనిఖీ అధికారి గేటు దాటగానే పాత దారి పడతాడు.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన సభ్యుడు: హదీసు విషయంలో మనకు భేదం లేదు. అయితే ఇస్లామీయ సంప్రదాయం నీతిని ఎన్నడూ ఒంటరి మనస్సాక్షికి వదిలేయలేదు. తూనికలు, కొలతలు, బజారులో మోసాలు చూడటానికి ముహ్తసిబ్ అనే అధికారినే నియమించింది. అంతెందుకు, ఖలీఫా అయ్యాక కూడా బట్టల వ్యాపారానికి బజారుకు బయలుదేరిన అబూబకర్‌ను ప్రవక్త సహచరుడు ఉమర్ ఆపారనీ, ఆ తర్వాత ఖజానా నుంచి ఆయనకు భత్యం నిర్ణయమైందనీ చరిత్రకారులు రాశారు. అంతటి ధర్మపరుడి జీవనాధారానికే ఒక ఏర్పాటు అవసరమైంది. నేను పనిచేసిన చోట పూర్తి జీతం ముట్టినట్లు వోచరు మీద సంతకం పెట్టించుకుని, చేతిలో సగమే పెట్టేవారు. జీతం బ్యాంకు ద్వారానే చెల్లించాలని యూఏఈ 2009లో తెచ్చిన పద్ధతి వంటివి సరిగ్గా ఆ వోచరు మోసాన్నే కష్టతరం చేశాయి.

హైదరాబాద్ సభ్యుడు: కంపెనీల వరకు ఒప్పుకుంటాను. మరి కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల మాటేమిటి? అక్కడ 2015 నాటి చట్టం వారానికి ఒకరోజు సెలవు ఇమ్మంటోంది, కానీ వంటింట్లోకి ఏ అధికారి తొంగిచూస్తాడు? "మీరు తినేదే వారికి పెట్టండి, శక్తికి మించిన పని మోపకండి" అన్న ప్రవక్త మాటే అక్కడ దిక్కు.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన సభ్యుడు: ఆ మాట నిజమే. కానీ ఆ ఇళ్లలోనే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో దాచి, "అమానతుగా (నమ్మి అప్పగించిన సొత్తుగా) భద్రపరిచాం" అంటారు. అమానతులను హక్కుదారులకు అప్పగించమని ఖురాన్ నాలుగో సూరాలో (అధ్యాయంలో) స్పష్టంగా ఉంది కదా. అడిగినా తిరిగి ఇవ్వని యజమాని ఎదుట ఆమె ఆ ఆయతు (ఖురాన్ వాక్యం) చదివి ఊరుకోవాలా, ఫిర్యాదు చేసే చోటు ఒకటి ఉండాలా?