మావారి వీర్యకణాల కౌంట్ 9 మిలియన్లే వచ్చింది, బాయిలర్ డ్యూటీ మారితే పెరుగుతదా?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ, పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. నాకు పీసీఓడీ (అండాశయాల సమస్య), థైరాయిడ్ రెండూ ఉన్నయ్, థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ 6.8 వస్తే పరగడుపున గోలీ వేసుకుంటున్నా, 5 కిలోలు తగ్గాక పీరియడ్స్ కాస్త లైన్లోకొచ్చినయ్. ఇన్నాళ్లూ లోపం నాదేనని మా అత్తమ్మ నన్నే గుళ్ల చుట్టూ తిప్పింది, మావారిని టెస్టుకి ఒప్పించడానికే ఏడాదిన్నర పట్టింది, తీరా చేయిస్తే మిల్లీలీటరుకి 9 మిలియన్లే, కనీసం 16 అయినా ఉండాలంట.

ఆయనది రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర నైట్ డ్యూటీ, ఇంటికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారుతయ్, పైగా రోజుకో సిగరెట్ పెట్టె, గుట్కా వేరే. వేడి, పొగ రెండూ దెబ్బేనని, కొత్త కణాలు తయారవ్వడానికి దాదాపు 3 నెలలు పడుతుంది కాబట్టి అవి మానేసి అప్పుడు మళ్లీ టెస్ట్ చేయిద్దామని డాక్టరమ్మ అన్నారు.

నా డౌట్ ఏంటంటే సిగరెట్లు మానేసి బాయిలర్ దగ్గరే ఉంటే ఫలితం ఉంటదా? గోదాముకి మారితే జీతం 4 వేలు తగ్గుతది. ఇలా వేడి దగ్గర పనిచేసి డ్యూటీ మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కౌంట్ పెరిగిందో లేదో చెప్పండి ప్లీజ్. పక్కింటామె ఏదో పొడి తెచ్చిచ్చింది, డబ్బాకి లేబుల్ కూడా లేదు, అది మాత్రం ముట్టనివ్వలేదు.