జీపీఐబీలో రెండు పరికరాలు కలిపితే టైమౌట్

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా ల్యాబ్‌లో పాత మల్టీమీటర్, పవర్ సప్లై ఉన్నాయి. వాటిని జీపీఐబీతో (ల్యాబ్ పరికరాలను కంప్యూటర్‌కు కలిపే కేబుల్ పద్ధతి) కలుపుతాం. విడివిడిగా కలిపితే కంప్యూటర్ అడిగినదానికి జవాబిస్తాయి. రెండూ ఒకే కేబుల్ వరుసలో పెడితే టైమౌట్, అంటే గడువులోగా జవాబు రాదు. రేపే పిల్లల ప్రాక్టికల్, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాయగడ): అన్నా, ముందు అడ్రస్‌లు చూడండి. 0 నుంచి 30 లోపు ఒక్కోదానికి ఒక్కో అంకె ఉండాలి. ఒకే అడ్రస్ ఉంటే రెండూ ఒకేసారి మాట్లాడతాయి. వెనక చిన్న స్విచ్‌లు ఐదు ఉంటాయి: 1, 2, 4, 8, 16. పైకి ఉన్నవాటిని కూడితే అడ్రస్ వస్తుంది. మార్చాక ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి, పాతవాటిలో చాలావరకు ఆన్ అయినప్పుడే అడ్రస్ చదువుకుంటాయి.

జవాబు (బరంపురం): కేబుల్ పొడవు కూడా లెక్కే. మొత్తం 20 మీటర్లు, లేదా పరికరానికి 2 మీటర్ల చొప్పున, ఏది తక్కువైతే అది. కంప్యూటర్‌తో కలిపి పరికరాలు 15కు మించకూడదు.

అడిగినవారు: తమ్ముడూ, దొరికింది! దుమ్ము తుడిచి టార్చ్ వేసి చూస్తే రెండింటికీ 1, 4 పైకి ఉన్నాయి, అంటే రెండూ 5. మీటర్‌కి 4 దించి 8 ఎత్తాను, 9 అయింది. ఇప్పుడు రెండూ పలుకుతున్నాయి. పదిసార్లు అడిగి చూశాను, ఒక్కసారీ ఆగలేదు.