ఇందిరమ్మ ఇళ్ల దగ్గర శ్రమదానం: ఇరవై మంది డిగ్రీ పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

మానేరుతీరం:
మా ఊళ్లో ఆరు ఇందిరమ్మ ఇళ్ల (తెలంగాణ ప్రభుత్వ సాయంతో పేదలు కట్టుకునే ఇళ్లు) పని నడుస్తోంది. రెండు బేస్‌మెంట్ దగ్గర, మూడు గోడల దగ్గర ఉన్నాయి, ఒకటి ఈ నెలలో స్లాబ్‌కు వస్తుంది. కట్టుకునేవాళ్లంతా కూలి చేసుకునేవాళ్లే. ఎన్ఎస్ఎస్ (కాలేజీ సేవా పథకం) పిల్లలు ఇరవై మంది ఆదివారాలు వస్తామంటున్నారు. మేస్త్రీలేమో పని చెడుతుందని వద్దంటున్నారు. నిజంగా పనికొచ్చేదేంటో చెప్పండి.

గుండుదారం:
మేస్త్రీల మాటలో న్యాయం ఉంది. గోడ కట్టడం, ఊచలు వంచడం, సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద నిలిపే చెక్కలు, కర్రలు) జోలికి పిల్లల్ని పోనివ్వకండి. ఇరవై మందికీ సరిపోయే పని బేస్‌మెంట్ నింపడం. లోపల 350 చదరపు అడుగులు, రెండడుగుల ఎత్తు అనుకుంటే 700 ఘనపుటడుగులు. దిమ్మిస కొట్టాక మట్టి దిగుతుంది కాబట్టి, ట్రాలీకి నూరు ఘనపుటడుగుల లెక్కన ఎనిమిది తొమ్మిది ట్రాక్టర్ల మొరం పడుతుంది. కూలి పెట్టి చేయిస్తే ఆ ఇంటివాళ్లకు పెద్ద ఖర్చే.

ఒకేసారి పోసి పైపైన తొక్కితే లాభం లేదు. ఆరంగుళాలు పరవాలి, తడపాలి, దిమ్మిస కొట్టాలి, ఆ తర్వాతే పై పొర. మూలలు, గోడ వార ఎప్పుడూ వదిలేస్తారు, ఫ్లోరింగ్ కుంగేది అక్కడే. పునాది తవ్విన నల్లరేగడి మాత్రం లోపల పోయొద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, బండలు లేచిపోతాయి.

కంకరదారి:
పై మాటకు ఒకటి కలుపుతా. ఆదివారం ఇరవై మంది కంటే రోజూ ఇద్దరు మేలు. పేదల ఇళ్లు పాడయ్యేది ఎక్కువగా నీళ్లు పట్టక. ఆ ఇంటి ఇల్లాలు పొద్దున ఏడింటికే కూలికి పోతుంది, గోడ ఎండుతూ ఉంటుంది. కాలేజీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, వారం పాటు గోడలు తడపండి. ఎండాకాలమైతే గోనె సంచులు కప్పి తడపాలి.

స్లాబ్ పోసిన మర్నాడే పైన మాలుతో (సిమెంట్, ఇసుక కలిపింది) చిన్న గట్లు కట్టి మడులు చేయండి, రెండంగుళాల నీళ్లు 14 రోజులు నిలవాలి. ఇప్పుడు మార్కెట్‌లో ఎక్కువగా పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటే, అది నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకని ఏడు రోజులతో ఆపొద్దు.

ఇటుకల సంగతి కూడా. ఎర్ర ఇటుకను బుడగలు ఆగేదాకా డ్రమ్ములో నానబెట్టాలి, లేకపోతే మాలులో నీళ్లు పీల్చేస్తుంది. సిమెంట్ ఇటుకను నానబెట్టకూడదు, పైన చిలకరిస్తే చాలు.

మానేరుతీరం:
చాలా ఉపయోగంగా ఉంది అన్నా. స్లాబ్ రోజు మరి పిల్లల్ని రానివ్వొచ్చా?

గుండుదారం:
నలుగురు చాలు, ఒక్కొక్కరికి ఒక్క పని. ఒకరు మిల్లర్ (కాంక్రీట్ కలిపే యంత్రం) దగ్గర గీత పెట్టిన బకెట్‌తో నీళ్లు కొలవాలి, 50 కిలోల బస్తాకు 25 నుంచి 28 లీటర్లు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. జారుడుగా ఉంటే పని తొందరగా అవుతుందని నీళ్లు పెంచుతూ పోతారు, స్లాబ్ బలం పోయేది అక్కడే. ఇంకొకరు బస్తాలు లెక్కపెట్టాలి: 400 చదరపు అడుగులు, నాలుగున్నర అంగుళాల మందం, సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో స్లాబ్‌కే దాదాపు 34 బస్తాలు, బీములకు వేరే. మిగతా ఇద్దరూ ఊచలు అడుగుకు తగలకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు జరగకుండా, జనం ఊచలు తొక్కకుండా నడవడానికి చెక్కలు వేసి చూడాలి. తొక్కితే బీముల దగ్గర పై ఊచ కిందికి దిగిపోతుంది, తర్వాత అక్కడ పగులు.

తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది. చెప్పులతో రానివ్వొద్దు, గమ్‌బూట్లు, రబ్బరు గ్లౌజులు ఉండాల్సిందే.

కంకరదారి:
చదువుకున్న పిల్లలు చేయగలిగింది ఇంకోటుంది. ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలూ నాలుగు విడతలుగా, పనిని బట్టి వస్తాయి. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ ఏది అయితే అది వెంటనే ఫొటో ఇందిరమ్మ ఇళ్ల యాప్‌లో ఎక్కిందా, ఖాతాకు ఆధార్ లింక్ ఉందా అని ఇంటింటికీ చూడండి. ముగ్గు పోసేటప్పుడే టేపు పట్టండి: ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వరండా పెంచుకుందామని 600 దాటించుకుని బిల్లు ఆగిపోతే, ఆ ఇల్లు గోడల దగ్గరే నిలిచిపోతుంది, వడ్డీకి తెచ్చిన డబ్బు పెరుగుతూ ఉంటుంది. దయచేసి ఈ పని ముందు పెట్టుకోండి.