ఒడిశా సరిహద్దు తెలుగువారిని "మీది ఏ ఊరు?" అని అడగడం వివక్షేనా?

మహేంద్రతనయ:

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా మామగారి తాత కట్టించిన ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నాం. పోయిన వారం మా అబ్బాయి కులధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి వెళ్ళాడు. గుమస్తా దరఖాస్తులో ఇంటిపేరు చూశాడు, తల ఎత్తకుండానే "ఆంధ్రాలో మీది ఏ ఊరు?" అన్నాడు. వాడు పుట్టింది ఇక్కడ, చదివింది ఒడియా బడిలో. నాకంటే చక్కని ఒడియా మాట్లాడతాడు.

అంతటితో అయిపోలేదు. పాత కాగితం ఒకదానిలో ఒడియా అక్షరాల్లో వాడి పేరు "భేంకటరమణ" అని ఉంది. ఒడియాలో మన 'వ'ను తరచు 'భ'తో రాస్తారు కదా. పదో తరగతి పత్రంలో ఇంగ్లీషులో వెంకటరమణ అని సరిగ్గానే ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. రాసింది వాళ్ళు, నోటరీకి డబ్బు కట్టేది మేము! "కాగితాల గోల, మనసుకు పట్టించుకోకు" అంటారు మా ఆయన. ఇది వివక్ష కాదా? మీరు చెప్పండి.

గుణుపురం మాస్టారు:

అమ్మా, మీ బాధ అర్థమైంది. కాని ఆ ప్రశ్న గుమస్తా సొంతంగా కల్పించింది కాదు. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికి ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల సమయానికి కుటుంబం ఎక్కడ ఉందన్నది చూస్తారు. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం మహారాష్ట్రకు వెళ్ళి స్థిరపడితే అక్కడ ఆ రిజర్వేషన్ వర్తించదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. వెనుకబడిన కులాల జాబితాలూ ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. పాత పట్టా, మామగారి తాత పేరున ఏదైనా పన్ను రసీదు ఉంటే తీసుకుని వెళ్ళండి. అడిగిన తీరు మొరటుగా ఉండవచ్చు, ప్రశ్న మాత్రం చట్టంలోదే. ప్రతిదానికీ వివక్ష అంటే రేపు నిజంగా జరిగినప్పుడు మన మాట ఎవరూ వినరు.

పాతపట్నం సైకిలు:

మాస్టారూ, చట్టం సరే. కటకం నుంచి వచ్చి పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకున్నవారిని "మీది ఏ ఊరు?" అని ఆ గుమస్తా ఎప్పుడైనా అడిగాడా? 1936 ఏప్రిల్ 1 దాకా ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి ఒడిశా రాష్ట్రం కోసం పట్టుబట్టారు, సాధించారు. ఎస్టేటు రెండు ముక్కలైంది. పర్లాకిమిడి అటు, మా పాతపట్నం ఇటు. ఆ ఏర్పాటును నిరసించి గిడుగు రామమూర్తి పంతులు గారు ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మహేంద్రతనయ గారూ, మీ మామగారి తాత ఆ ఇంటికి పునాది తీసిన ఏడాది చెప్పండి, వలస వచ్చింది ఎవరో తేలిపోతుంది.

నేను అటువైపు కాలేజీలో చదివాను. మూడేళ్ళూ నా పేరు "తెలెంగా", అంటే ఒడియాలో తెలుగువాడు. పరీక్షలో మంచి మార్కులు వచ్చినా తెలెంగా, క్రికెట్‌లో అవుటైనా తెలెంగా. సరదాకే అనేవారు. ఒకసారి నేను తిరిగి సరదాగా ఒక మాట అన్నాను, ప్రిన్సిపాలు గదిదాకా వెళ్ళింది.

బరంపురం కోడలు:

మా ఊళ్ళో అంత లేదు. మా అత్తగారు కూరగాయలు ఒడియాలో బేరమాడతారు, ధర తెగకపోతే తెలుగులో తిడతారు, అమ్మేవాళ్ళకు రెండూ అర్థమవుతాయి. వి. వి. గిరి పుట్టిన ఊరు ఇది. ఇక్కడ తెలుగువారు ఎవరికీ అతిథులు కారు.

సైకిలు గారికి ఒక మాట. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా కుటుంబాలు ఎన్ని లేవు? అక్కడ ఒడియా బడికి పంతుళ్ళు లేరని వాళ్ళూ మీలాగే గొడవ పడుతున్నారు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు అమ్మభాషలో అందేలా చూడాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. అది రెండు వైపులా కాగితం మీదే ఉంది. మా పుట్టింటి దగ్గర ఒడియావాళ్ళ గురించి ఏమేం అనుకుంటారో నేను ఇక్కడ రాయను. సిగ్గేస్తుంది.

సొర బిడ్డ:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాది గుణుపురం వైపు కొండ ఊరు. మా గిరిజన తెగను మీరు సవర అంటారు, మేము సొర అంటాము.

మీ అందరి లెక్కా 1936 దగ్గర ఆగుతోంది. అదే ఏడాది మా మంగెయ్ గొమాంగో మా భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. ఇరవై నాలుగు అక్షరాలు. ఒకరికి రాష్ట్రం వచ్చిన ఏడాది మాకు అక్షరాలు వచ్చాయి, ఆ ముచ్చట మీ తగవులో ఎక్కడా వినపడదు.

మా నాన్నకు అరవై రెండేళ్ళు. చింతపండు గంపతో సంతకు దిగుతాడు. అక్కడ తెలుగు కొట్టులో కాటా దగ్గర కూర్చునే కుర్రవాడికి ఇరవై కూడా ఉండవు. "ఏరా, ఇంకా ఉందా, అంతేనా?" అంటాడు. పట్టా పని మీద ఆఫీసుకు వెళితే అక్కడ ఒడియా బాబు "తూ" అంటాడు, ఒడియాలో చిన్నచూపుతో అనే "నువ్వు". ఆఫీసులో తూ, కొట్టులో ఏరా. మా నాన్న ఇద్దరికీ "బాబూ" అనే జవాబిస్తాడు. ఈ ఇద్దరిలో ఎవరికి అన్యాయం జరుగుతోందని మీరు వాదించుకుంటున్నారు?

గుణుపురం మాస్టారు:

అమ్మాయీ, నీ మాటలో నిజం ఉంది. కాని తెలుగువారంతా అలా లేరు. గిడుగు వారు మీ భాష నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చి, మీ పిల్లలకు బడులు పెట్టారు.

సొర బిడ్డ:

గిడుగు గారి పేరు మా ఊళ్ళోనూ తెలుసు మాస్టారూ. ఆయన తరువాత రెండో పేరు చెప్పండి. తొందర లేదు.

పాతపట్నం సైకిలు:

చర్చ పక్కదారి పడుతోంది. ఇక్కడ ప్రశ్న తెలుగువారి గురించి.

మహేంద్రతనయ:

సైకిలు గారూ, పక్కదారి పడలేదు. ప్రశ్న వేసింది నేను, కాబట్టి ఇదీ చెబుతాను.

మా మేడ మీద ఒక గది ఉంది. పోయిన ఏడాది నర్సింగ్ చదివే సవర అమ్మాయి అద్దెకు అడగడానికి వచ్చింది. శుభ్రమైన బట్టలు, చేతిలో కాలేజీ కాగితం. మెట్ల దగ్గరే నిలబెట్టి "మీది ఏ ఊరు?" అని అడిగాను. ఊరు చెప్పింది. లోపలికి వెళ్ళి అత్తయ్యను అడిగి వచ్చి, బంధువులు దిగుతున్నారమ్మా అన్నాను. బంధువులెవరూ దిగలేదు. ఆ గుమస్తా మా వాడితో అబద్ధమైనా చెప్పలేదు.

అఫిడవిట్ సంగతి వేరు, దానిమీద నా కోపం నాకు ఉంది. రేపు పాత పట్టా వెతకాలి, ట్రంకు పెట్టె అడుగున ఉండాలి.

సొర బిడ్డ:

గది ఖాళీగానే ఉందా అండీ? మా చెల్లెలు జూలైలో అక్కడ కాలేజీలో చేరుతోంది. అద్దె ఎంత?

మహేంద్రతనయ:

నీళ్ళతో కలిపి రెండు వేల ఐదు వందలు. కరెంటు మీటరు వేరే. అత్తయ్యతో మాట్లాడి రేపు రాత్రికి ఇక్కడే చెబుతాను.