థియరీ క్లాసులు ఆన్‌లైన్‌కి మార్చాలా? హైదరాబాద్ కాలేజీల వాళ్లు చెప్పండి

సర్క్యూట్స్ మేడమ్:
నేను ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. కాలేజీ పేరు వద్దు. వచ్చే సెమిస్టర్ నుంచి కొన్ని థియరీ పేపర్లకు క్లాసులు తీసేసి, ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాల వీడియోలు చూసి పరీక్ష రాసుకోమందామని మేనేజ్‌మెంట్ అనుకుంటోంది. ల్యాబులు మాత్రం క్యాంపస్‌లోనే. రూల్స్ కూడా అడ్డు రావు. ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో చేసిన కోర్సులకు 20 శాతం దాకా క్రెడిట్లు ఇవ్వొచ్చని యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2016లో చెప్పింది. 2021లో దాన్ని సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా పెంచింది.

నాకిది నచ్చలేదు. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఫస్టియర్‌లో కిర్కాఫ్ వోల్టేజ్ లా, అంటే సర్క్యూట్‌లో ఒక లూపు చుట్టూ వోల్టేజీలన్నీ కూడితే సున్నా రావాలన్న సూత్రం చెప్పి ఒక లెక్క ఇస్తాను. బెంచీల మధ్య నడుస్తూ నోట్‌బుక్కులు చూస్తాను. రెండు లూపులకూ ఉమ్మడిగా ఉన్న రెసిస్టర్ దగ్గర రెండో కరెంట్‌కు మైనస్ పెట్టాలి, చాలామంది ప్లస్ పెట్టేస్తారు. ఇద్దరు ముగ్గురి పుస్తకాల్లో అదే కనిపించిందంటే క్లాసంతా అక్కడే ఆగిపోయిందని తెలిసిపోతుంది. వెంటనే బోర్డు దగ్గరికెళ్లి బాణం గుర్తులు మళ్లీ గీస్తాను. వీడియోలో చెప్పే ప్రొఫెసర్ నాకంటే ఎంత గొప్పవారైనా ఆ నోట్‌బుక్ ఆయనకు కనిపించదు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో జవాబు తప్పైందని మాత్రమే తెలుస్తుంది, ఎక్కడ తప్పిందో తెలియదు.

మీ కాలేజీల్లో ఎలా ఉంది? మార్చడం మంచిదంటారా?

ఎల్బీనగర్ థర్డ్ ఇయర్:
మంచిదే మేడమ్. మీలా బెంచీల మధ్య నడిచే వాళ్లుంటే నేనూ వద్దనేవాణ్ని. మాది గండిమైసమ్మ దగ్గర కాలేజీ. పొద్దున ఏడు కాకముందే కాలేజీ బస్సెక్కాలి, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంత కష్టపడి వెళ్తే లోపల జరిగేది పీపీటీ చదవడం. సగం మంది నిద్రపోతుంటారు, మిగతా సగం ఫోన్లో ఉంటారు. 75 శాతం అటెండెన్స్ లేకపోతే టెన్షన్, 65 కూడా లేకపోతే సంవత్సరమే పోతుంది. అందుకే కూర్చుంటాం.

నాకు సిగ్నల్స్ సబ్జెక్టు అర్థమైంది ఎన్‌పీటెల్‌లో ఐఐటీ సార్ల పాఠాలు విన్నాకే. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి వింటాను. క్లాసులో సార్‌ను మూడోసారి అడగాలంటే ఎవరికైనా మొహమాటమే. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003 నుంచి ఇదంతా ఫ్రీగా పెడుతున్నాయి. పరీక్ష రాస్తేనే ఫీజు. వాడుకుంటే తప్పేంటి?

పాలమూరు నాన్న:
మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్, మెహిదీపట్నంలో హాస్టల్. 2020లో వాళ్ల అక్క డిగ్రీ చదువుతున్నప్పుడు ఆన్‌లైన్ క్లాసులు ఇంట్లోనే చూశాను కాబట్టి రాస్తున్నా. ఇంట్లో ఉన్నది ఒక్కటే మంచి ఫోను. పొద్దున అక్కకు, మధ్యాహ్నం తమ్ముడికి. సిగ్నల్ కోసం మిద్దె మీదికి ఎక్కేవాళ్లు, ఎండాకాలంలో అక్కడ నిలబడలేం. క్లాసు మధ్యలో డేటా అయిపోయేది. సార్ ‘వినబడుతోందా’ అని అడిగితే అందరూ ‘ఎస్ సర్’ అని టైప్ చేసేవాళ్లు, విన్నా వినకపోయినా.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో దేశం మొత్తమ్మీద కంప్యూటర్ ఉన్న ఇళ్లు 11 శాతం కూడా లేవు. ఇప్పుడు ఫోన్లు పెరిగాయి, ఒప్పుకుంటాను. కానీ చిన్న ఫోన్లో సర్క్యూట్ బొమ్మ చూసి లెక్క చేయడం, నేర్చుకోవడం కిందికి వస్తుందా?

ఇంకో మాట. ఆ సంవత్సరం కాలేజీ వాళ్లు బిల్డింగ్ ఫీజుతో సహా అంతా కట్టించుకున్నారు. ఇప్పుడు క్లాసులు తగ్గిస్తే ఫీజు తగ్గిస్తారా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

ఆదివారం క్లాసులు:
నేను అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేశాను. కోఠిలో షాపులో పనిచేస్తూ చదివాను. 1982లో మొదలైన ఈ యూనివర్సిటీ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో కంటే మూడేళ్లు ముందు. దూరవిద్య అంటే చులకనగా మాట్లాడే వాళ్లకు ముందుగా ఇది చెప్పాలి. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని 2022లో యూజీసీయే స్పష్టం చేసింది. అయితే ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్ లాంటివి ఆ పద్ధతిలో ఇవ్వకూడదని రూల్ ఉంది. దానికి కారణం ఉందనే నేననుకుంటాను.

నన్ను పాస్ చేయించింది మాత్రం టీవీ పాఠాలు కాదు. స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసులు. వారమంతా పుస్తకం చదివి, అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత గీసుకుని వెళ్లేవాణ్ని. ఎకనామిక్స్ సార్ ఆ గీతలు చూసి అక్కడి నుంచే మొదలుపెట్టేవారు. ఆ క్లాసులకు రాని నా స్నేహితులు చాలామంది మధ్యలో మానేశారు. దూరం నుంచి చదివేవాడికి మనిషి సాయం ఇంకా ఎక్కువ కావాలి. మన కాలేజీలు దాన్ని తగ్గిద్దామని చూస్తున్నాయి.

సర్క్యూట్స్ మేడమ్:
ఆదివారం క్లాసులు గారు చెప్పింది నా మనసులో మాట. హార్వర్డ్, ఎంఐటీ పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో ఒక అధ్యయనం వచ్చింది. 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తి చేసింది 3 శాతం చిల్లర. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో కూడా 46 శాతమే. పాఠాలు బాగాలేక కాదు, ప్రపంచంలో పేరున్న ప్రొఫెసర్లే చెప్పారు.

తమ్ముడూ, పీపీటీ చదివే క్లాసును నేను సమర్థించను. దానికంటే నువ్వు వినే వీడియోనే నయం. వీడియోలకు నేను వ్యతిరేకిని కాదు. పాఠం వీడియోలో వినండి, కానీ టైంటేబుల్‌లో ఆ పీరియడ్ అలాగే ఉండాలి, ముప్పై మంది చొప్పున బ్యాచ్‌లు చేసి ఆ గంటలో లెక్కలు చేయించాలి. అలా చేస్తే మాకు పని పెరుగుతుంది, తగ్గదు. మా మేనేజ్‌మెంట్ ఆలోచన అది కాదు. పీరియడ్లు తగ్గితే పోస్టులు తగ్గుతాయి. ఇంజినీరింగ్ కాలేజీలకు రూల్స్ పెట్టే ఏఐసీటీఈ 2018లోనే పదిహేను మందికి ఒక టీచర్ అన్న లెక్కను ఇరవై మందికి ఒకరు చేసింది. అప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఎంతమంది లెక్చరర్లు రోడ్డున పడ్డారో మాకు తెలుసు.

ఎల్బీనగర్ థర్డ్ ఇయర్:
మేడమ్, వీడియో చూసి రమ్మంటే సగం మంది చూడకుండా వస్తారు. నిజం చెబుతున్నా. ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, మావాళ్లు అవి చూసి కొట్టేస్తారు. చివరి పరీక్ష మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి, అక్కడ దొరికిపోతారు.

క్లాసు మొదట్లో చేత్తో చేసే చిన్న లెక్క ఒకటి ఇచ్చి, దానికి ఇంటర్నల్ మార్కులు పెడితే చూసి వస్తారు. అలాగే పీరియడ్లన్నీ వారంలో మూడు రోజులకు సర్దగలిగితే మిగతా రోజులు బస్సు బాధ తప్పుతుంది. మీరన్న ముప్పై మంది బ్యాచ్ మా కాలేజీలో పెడితే నేను రోజూ బస్సెక్కడానికైనా రెడీ. అలా ఎవరూ పెట్టరన్నదే నా బాధ.

సర్క్యూట్స్ మేడమ్:
మూడు రోజులకు సర్దడం అనేది బాగుంది, డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పెడతాను. చేత్తో చేసే లెక్క కూడా.

పాలమూరు నాన్న గారూ, మీ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజుల సంగతి చూసేది ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, టీఏఎఫ్‌ఆర్‌సీ అంటారు. మూడేళ్లకోసారి కాలేజీల ఆదాయ వ్యయాల లెక్కలు చూస్తుంది. ఆ ఖర్చులో పెద్ద భాగం మా జీతాలే. క్లాసులు వీడియోలకు మార్చి జీతాల ఖర్చు తగ్గించుకుంటే, ఆ మేరకు ఫీజు తగ్గించమని అడగడం న్యాయమే. తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి మీ అబ్బాయి కాలేజీలో రాతపూర్వకంగా అడగండి, ఒక కాపీ కమిటీకి కూడా పంపండి. అర్జీ రాయడానికి నేను సాయం చేస్తాను.